గోమారి కరిచిన సంగతి

మా అక్క పోయిన శుక్రవారం కోరుట్లలో చనిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నాతో ఒకటే మాట అన్నారు: పాపం, బీడీల తంబాకు ఆమె కండ్లను తినేసింది. చావింట్లో పోట్లాడకూడదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

అక్క యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. తంబాకు ఆమెకు దగ్గు ఇచ్చింది. కండ్ల జోలికి మాత్రం రాలేదు. డెబ్బై ఏళ్ల వయసులోనూ సూదిలో దారం తనే ఎక్కించుకునేది. ప్రతి తునికాకునూ వెలుతురుకు ఎత్తి చూసేది, పురుగు తిన్న చిన్న బెజ్జం కూడా ఆమె కంటబడేది. "ఆకును చూసినంకనే కత్తెర పెట్టాలె" అని కోడళ్లకు చెప్పేది. పెద్ద చదువులు చదివినవాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట, ఎండాకాలంలో, సారంగాపూర్ దిక్కు అడవికి తునికాకు తెంపడానికి పోయింది. తిరిగొచ్చాక మోకాలి వెనక గోమారి కనిపించింది. పశువుల చెవులకు పట్టి నెత్తురు తాగే పురుగే. పీకి పారేసింది. కొన్నాళ్లకు అక్కడ ఎర్రటి చుట్టు లేచి పళ్లెమంత అయింది. తామర అనుకుని మలాం రాశారు. జ్వరం వచ్చింది, కీళ్లు పట్టేశాయి. వానలు పడేనాటికి మూతి వంకర పోయింది, ఎడమ రెప్ప మూతపడలేదు. ఆ కన్ను ఎర్రబడి మసకబారింది, తర్వాత కుడిది.

మొదట నాతోనే చెప్పింది. "తమ్మీ, గా గోమారి కరిచినప్పటి సంది గిట్లయితాంది."

మూడు బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి. నవ్వాను. అట్లయితే బర్రెలు కాసేవాళ్లంతా గుడ్డివాళ్లే కావాలి కదా అన్నాను.

కోరుట్లలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగాడు. బీడీలు అనగానే తల కూడా ఎత్తకుండా చుక్కల మందు రాసేశాడు. జగిత్యాలలో కంటి డాక్టరూ అంతే. గోమారి మాట ఎత్తబోతే, తంబాకు చేతులతో కండ్లు నలుపుకోవద్దని కసిరాడు. సబ్బుతో మూడుసార్లు కడుక్కోనిదే అన్నం ముట్టని మనిషిని.

చివరికి నేనుండే సిరిసిల్లకు తీసుకొచ్చాను. ఇక్కడి చిన్న వయసు డాక్టరమ్మ కండ్లలోకి చాలాసేపు చూసింది. దీనికి ముందు జ్వరం గానీ, పురుగు కరవడం గానీ జరిగిందా అని అడిగింది. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వే చెప్పు తమ్మీ. నేను చెప్తే తంబాకు అంటరు."

చెప్పాను. గోమార్ల వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చని, అది ముఖం నరాన్ని పడగొడుతుందని, కంటి లోపల వాపు తెస్తుందని డాక్టరమ్మ వివరించింది. మన దిక్కు అరుదు, ఇంత ఆలస్యమయ్యాక అదేనని గట్టిగా చెప్పలేనంది. మొదట్లోనే మందు పడి ఉంటే చూపు నిలిచేదేమో అంది. పరీక్షలు, మందులు రాసింది. పోయిన చూపు మాత్రం రాలేదు.

అది ఆ జబ్బేనని నేనూ ప్రమాణం చేయను. నా కోపం జబ్బు పేరు మీద కాదు, అడగనివాళ్ల మీద. ఆ ఇద్దరు డాక్టర్లకు ఆమె ఎవరో తెలియదు. నాకు తెలుసు. కాబట్టి తప్పులో పెద్దవాటా నాదే.

ఆ రోజు ఆస్పత్రి బయటికి వచ్చాక అక్క నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడన్న నమ్మినవా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. ఆమె ఎండకు కొంగు కండ్లమీదికి లాక్కుని, ఒక్కో మెట్టునూ పాదంతో తడిమి చూసుకుంటూ, ఒక్కతే దిగిపోతోంది.