వంద జవాబులు, ఒక కాటా

బీకాం పాసయిన ఏడాది నాకు కావలసింది ఒక్కటే: ఎవరితోనూ మాట్లాడనక్కర లేని ఉద్యోగం. ఒక గది, ఒక కంప్యూటర్, ఒక కిటికీ. కిటికీ లేకపోయినా సర్దుకుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలో మాత్రం రాసుకున్నాను. ఆ డైరీ ఎరువుల కంపెనీ వాళ్లు నాయనకు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగున ఏదో ఒక పురుగుల మందు ప్రకటన ఉంటుంది. నా ఆశయాలు రాసుకున్న పేజీ కింద కాండం తొలిచే పురుగు బొమ్మ పడింది.

నాయన గడువు పెట్టాడు. "కాలవకు నీళ్లు వదిలేలోగా ఏదన్నా దొరికితే సరి. దొరకల్యా అంటే మీ మామ అంగట్లో కూర్చో."

మామ అంటే అమ్మ తమ్ముడు. మా ఊళ్లోనే ఆయనకు ఎరువులు, విత్తనాల అంగడి ఉంది. మామ మంచివాడే. నా భయమంతా ఆ కౌంటర్ గురించి. అక్కడ కూర్చుంటే ఊరు ఊరంతా వస్తుంది. యూరియా బస్తా బండికెక్కేలోగా "ఏం పాపా, ఎన్ని మార్కులొచ్చినాయి, ఇంకా యాల ఇంట్లోనే ఉండావు" అని అడిగి పోతుంది. నేనేమో ఇంటికి చుట్టాలొస్తే వడ్ల గోనెల వెనక పుస్తకం పట్టుకొని కూర్చునే మనిషిని.

చిక్కేమిటంటే, మాట్లాడనక్కర లేని ఉద్యోగం రావాలన్నా ముందు అరగంటసేపు బ్రహ్మాండంగా మాట్లాడాలి. అందుకని పుస్తకాలను ఆశ్రయించాను. మనుషులను అడగడం కంటే పుస్తకాలను అడగడం నాకెప్పుడూ సులభం.

మొదటి పుస్తకం బళ్లారి బస్టాండు బయట పాత పుస్తకాల బండి మీద దొరికింది. అందులో వంద ప్రశ్నలు, వంద జవాబులు. అట్ట మీద టై కట్టుకున్న మనిషి చేతులు కట్టుకొని, నన్ను అప్పుడే ఉద్యోగంలోంచి తీసేసినట్టు చూస్తుంటాడు. రెండోది కాలేజీలో నా కంటే ముందు చదివిన అక్క ఇచ్చిన జిరాక్సు కట్ట. మధ్యలో పేజీలు ఎవరో పీకేసుకున్నారు. దాంతో "మీకు కోపం వస్తే ఏం చేస్తారు?" అన్న ప్రశ్న కింద "బృందంతో కలిసి పనిచేయడం నాకు చాలా ఇష్టం" అన్న జవాబు వచ్చి కూర్చుంది. రెండుసార్లు చదివాక అది కూడా బాగానే ఉందనిపించి బట్టీ పట్టాను. ఇవి చాలవన్నట్టు ఫోన్‌లో ఒకాయన వీడియోలు. ఆయన ప్రతి వీడియోలోనూ "మీరు ఒక బ్రాండ్" అంటాడు. మా ఇంట్లో బ్రాండ్ ఉన్నవి ట్రాక్టరూ, టీపొడీ మాత్రమే.

చేయి కలిపేటప్పుడు పట్టు గట్టిగా ఉండాలని పుస్తకం చెప్పింది. అమ్మ మీద ప్రయోగం చేశాను. అమ్మ శనక్కాయలు వలుస్తోంది.

"ఏందే, నా నాడి పడ్తాండావా?"

"కాదుమా. ఇంటర్వ్యూలో ఇట్ల చేయి కలపాలంట."

"ఎవురికి? ఆ సేట్లకా? రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టు, చాలు. చేతులు కలిపేదేంది, నువ్వేమన్నా ఓట్లడగను పోతాండావా?"

అయినా ఎవరో ఒకరు ప్రశ్నలు అడగాలి గనక పుస్తకం అమ్మ చేతికిచ్చాను. అమ్మ కన్నడం బడిలో ఐదు వరకు చదివింది, ఇంగ్లీషు పుస్తకం తలకిందులుగా పట్టుకొని పక్కన పెట్టేసింది. "నాకు తోచిందే అడుగుతా" అంది. అమ్మకు మనుషులను పనిలో పెట్టుకోవడం కొత్త కాదు. ఏటా నాట్లకు కూలి మనుషులను కుదిర్చేది తనే. గట్టు మీద నిలబడి యాడ నుంచి వస్తారు, పసిబిడ్డను ఎవరు చూసుకుంటారు, నడిమధ్యలో జాతరకు పోతారా అని అడుగుతుంది. వాళ్లు జవాబు చెబుతుంటే పాదాలు చూస్తుంది. అంతే, తేల్చేస్తుంది.

"సరే పాపా, నీలో కొదవేంది చెప్పు."

ఈ ప్రశ్న నా పుస్తకంలోనూ ఉంది. ఎగిరి గంతేసినంత పనయింది. "నేను ఏ పనైనా మరీ పరిపూర్ణంగా చేయాలని చూస్తాను. అదే నా బలహీనత."

"నిన్న అన్నం మాడబెట్టినది ఎవురు మరి?"

"అమ్మా, అది వేరే."

"నేనైతే నిన్ను నాట్లకు పిలవను. నేను అడిగినదానికి నువ్వు చెప్పల్యా. ఆ పుస్తకమోడు అడిగినదానికి చెప్తాండావు."

పల్లెటూరి అజ్ఞానం అని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ కింద ఎలుకల మందు.

మొదటి ఇంటర్వ్యూ బళ్లారిలో. జీన్సు ప్యాంట్లు కుట్టించే ఒక కంపెనీ ఆఫీసు. యజమాని నుదుట పెద్ద కుంకుమ బొట్టు. ఎదుటివారి కళ్లలోకి చూడడం ఇబ్బందిగా ఉంటే నుదుటి మధ్యలో చూడండి, తేడా తెలియదు అని ఫోన్ వీడియోల ఆయన చెప్పాడు. నేను కన్నార్పకుండా ఆ బొట్టునే చూశాను. ఆయనకు తేడా తెలిసింది. ముందు చేత్తో తడుముకున్నాడు. తర్వాత చేతిరుమాలు తీసి తుడుచుకున్నాడు. కుంకుమ నుదురంతా పాకింది. నేను ఇంకా అక్కడే చూస్తున్నాను.

"నిమ్దు యావ ఊరమ్మా?" అని కన్నడంలో మా ఊరు అడిగాడు. నేను "వ్యవసాయ నేపథ్యం గల కుటుంబం నుంచి వచ్చాను" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

"అది సరే, ఏ బస్సుకు వస్తావు?" అని ఈసారి తెలుగులో అడిగాడు.

"సమయపాలన నా బలాల్లో ఒకటి సార్" అన్నాను.

"హేళ్తీవి" అన్నాడు. మా జిల్లాలో ఎన్ని భాషలున్నా, చెప్తాం పోయి రండి అన్నదానికి ఒకటే అర్థం.

ఇంటర్వ్యూ అయ్యాక ధన్యవాదాల లేఖ పంపాలని జిరాక్సు కట్టలో ఉంది. వాట్సాప్‌లో ఇంగ్లీషులో పద్నాలుగు వాక్యాలు పంపాను. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం వచ్చింది. అది మొదలు రోజూ వస్తోంది. ఉద్యోగం మాత్రం రాలేదు.

రెండోది సిరుగుప్ప బయట ఒక రైస్ మిల్లు. కాటా గదిలో కంప్యూటర్ మీద పని. ఎండాకాలం వడ్ల లోడ్లు వస్తున్న రోజులవి. బండి కాటా ఎక్కితే తూకం తెర మీద పడుతుంది. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలేది వడ్లు. ఆ అంకె స్లిప్పు మీద ప్రింటు తీసివ్వాలి. గది చిన్నది. కిటికీ కూడా ఉంది! చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఈ పని పోతే ఇక మామ అంగడే, ఎందుకంటే కాలవకు నీళ్లు రావడానికి మూడు వారాలు కూడా లేవు.

నాకు ముందు ఇద్దరమ్మాయిలు లోపలికి పోయి వచ్చారు. ఇద్దరి ఇంగ్లీషూ తలుపు దాటి వినపడింది, నీళ్లలా పారుతోంది. నా వంతు వచ్చింది. లోపల మిల్లు యజమాని, పెద్దాయన, తెలుగువాడు. పక్కన మేనేజర్. నేను నుదుళ్ల జోలికి పోలేదు, బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూశాను.

"ఏ బస్సుకు వస్తావమ్మా?" అన్నాడు మేనేజర్.

"ఏడున్నర బస్సుకు సార్." ఇంకా చాలా చెప్పాలనిపించింది, ఆపుకున్నాను.

పెద్దాయన అడిగాడు. "నిండు బండి కాటా ఎక్కింది పాపా. వడ్ల మూటల మీద నలుగురు మనుషులు కూర్చోనుండారు. ఏం చేస్తావు?"

మొండి మనుషులతో ఎలా మెలగాలన్నది నా పుస్తకంలో యాభైఎనిమిదో ప్రశ్న. చిరునవ్వుతో, ఓర్పుతో, వారి దృక్కోణాన్ని అర్థం చేసుకుంటూ... నోరు తెరిచాను. అమ్మ శనక్కాయ చిదిపిన చప్పుడు వినపడినట్టయింది. మూసుకొని మళ్లీ తెరిచాను.

"దిగమంటాను సార్."

"దిగకపోతే?"

"స్లిప్పు ప్రింటు తీయను."

"అరుస్తారు."

"నేను అరవలేను సార్. స్లిప్పు మాత్రం రాదు."

పెద్దాయన నవ్వాడు. మేనేజర్ కూడా నవ్వాడు. నేను అక్కడ ఆగాల్సింది. కానీ పోయిన ఏడాది వేరే మిల్లులో నాయన ట్రాక్టరు ఖాళీ తూకం అయ్యేటప్పుడు ఆ మిల్లు హమాలీలు ఇద్దరు ట్రాలీలోనే కాళ్లు చాపుకొని కూర్చున్నారు. ఖాళీ బండి బరువు పెరిగితే వడ్ల బరువు తరుగుతుంది. నాయన చూశాడు, చూసి తువ్వాలు దులుపుకొని భుజాన వేసుకున్నాడు. స్లిప్పు తీసుకొని వచ్చేశాడు. నాకు ఈ సిగ్గు ఎవరి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

"ఖాళీ బండికైనా అంతే సార్" అన్నాను. "అప్పుడు మీ హమాలీలు కూడా దిగాల."

మేనేజర్ నవ్వు ఆగిపోయింది. "అది నిన్ను ఎవురూ అడగల్యా కదమ్మా."

పెద్దాయన కళ్లద్దాలు తీసి పంచె కొసతో చాలాసేపు తుడుచుకున్నాడు. "పోయి రా పాపా. హేళ్తీవి" అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. "అడిగినదానికి చెప్పమంటే అడగనిది కూడా చెప్పొస్తివా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాయన మాత్రం ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. మామ తన కౌంటర్ వెనక నా కోసం స్టూలు వేసి, దాని మీద పూల కుట్టు దిండు కూడా పెట్టించాడట. ఆ దిండు సంగతి విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

ఎనిమిదో రోజు మేనేజర్ ఫోన్ చేశాడు. "సోమారం రా."

నిజాయితీకి విలువ ఉందని డైరీలో రెండు పేజీలు రాశాను. చేరిన రోజే ఆ పేజీలు దండగయ్యాయి. రిజిస్టర్లు అప్పగిస్తూ మేనేజరే చెప్పాడు. "ఆ ఇద్దరు పిల్లలూ నీకంటే బాగా మాట్లాడిరి. కానీ ఏం చేసేది, పొద్దున ఏడున్నరకు వాళ్లూర్ల నుంచి బస్సు ల్యా."

వంద జవాబులూ కాదు, నా అంతరాత్మా కాదు, ప్రభుత్వ బస్సు నాకు ఉద్యోగం ఇప్పించింది.

ఇక మాట్లాడనక్కర లేని గది అనుకున్నాను చూడండి, ఆ మిల్లులో అంతకంటే గోల ఉన్న చోటు మరొకటి లేదు. నా కిటికీ అందరికీ కిటికీయే. డ్రైవర్లు, రైతులు, బ్రోకర్లు తలలు దూర్చి కన్నడం, తెలుగు, ఉర్దూ కలిపి ఒకేసారి అరుస్తారు.

మధ్యాహ్నానికి ఒక ఖాళీ ట్రాక్టరు కాటా మీదికి వెనక్కొచ్చింది. ట్రాలీలో మా హమాలీలు ముగ్గురు. మేనేజర్ వరండాలో నిలబడి ఉన్నాడు. నేను ప్రింటు నొక్కకుండా కూర్చున్నాను.

"ఏం పాపా, సిస్టం నిలిచిపోయిందా?" అన్నాడు ట్రాలీలోంచి పెద్ద హమాలీ.

"లేదప్పా" అన్నాను. వినపడలేదు. కిటికీ దగ్గరికి పోయి మళ్లీ అన్నాను. "లేదప్పా, బాగానే ఉండాది. మీరు దిగండి."

"మేమా? మేము రోజూ ఈడనే కూర్చుంటాం కదా!"

నేను కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఈలోగా ట్రాక్టరు రైతు, ఎవరి వడ్ల కోసం ఇదంతానో ఆయన, కిటికీలోంచి తల పెట్టాడు. "ఎంతసేపమ్మా! ఎనకాల ఇంకా ఐదు బండ్లుండాయి. కొత్తదానివా? పని రాకపోతే వచ్చినోళ్లను పిలువు."

నేను తెర వైపే చూశాను. హారన్లు మొదలయ్యాయి. చివరికి పెద్ద హమాలీ గొణుక్కుంటూ దిగాడు, తర్వాత మిగతా ఇద్దరూ దూకారు. తెర మీద అంకె తగ్గింది, అటూ ఇటూ ఊగి నిలిచింది. నొక్కాను.

రైతు స్లిప్పు చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ మేనేజర్ దగ్గర ఆగి, కొత్త పిల్ల మరీ నిదానం అని ఫిర్యాదు చేసి పోయాడు. మేనేజర్ నా వైపు కాసేపు చూశాడు. తర్వాతి బండిని రమ్మని చెయ్యి ఊపాడు.