మూడు ఉచిత ప్రాక్సీలు, ఒక వాన

ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైటెక్ సిటీలో ఉచితంగా దొరికేదంతా నాకోసమే పెట్టారని నమ్మేవాణ్ని. ఆఫీసు కాఫీ యంత్రం దగ్గర మొదలైన ఆ నమ్మకం చివరికి ఉద్యోగం మీదికే తెచ్చింది. ప్రొబేషన్ ముగియబోతున్న వారం అది. బోరబండలో మా అమ్మ రోజూ అన్నం వడ్డిస్తూ "నౌకరి పక్కా అయినట్టేనా బిడ్డా?" అని అడిగేది. శుక్రవారం డెమో బాగుంటేనే పక్కా అని మా టీమ్ లీడ్ అక్క (గుంటూరు మనిషి, కోపం వచ్చినా 'అండి' వదలదు) ముందే చెప్పింది.

ఆ డెమోలో, ఊళ్ళో ఎక్కడెక్కడ వాన పడుతోందో వేరే సైటు నుంచి తెచ్చి నా పేజీలో చూపాలి. బ్రౌజరు ఒప్పుకోలేదు. ఒక సైటు పేజీ ఇంకో సైటు సమాచారం వాడుకోవాలంటే ఆ రెండో సైటు అనుమతి ఉండాలట. ఆ కట్టుబాటునే కార్స్ అంటారు. మధ్యలో నిలబడి సమాచారం అందించే ఉచిత ప్రాక్సీలు మూడు వెతికి పట్టుకుని, సంబంధాలు చూసే మేనమామలా నోటుబుక్కులో గడులు గీసి మార్కులు వేశాను. మొదటిది ముందు తన పేజీకి వచ్చి బటన్ నొక్కమనేది. రెండోది నేను చాయ్ తాగి వచ్చేదాకా ఆలోచించేది. మూడోది మాత్రం అడగ్గానే ఇచ్చేది. దానికి అయిదు స్టార్లిచ్చి, శుక్రవారం పొద్దున్నే వచ్చి ధైర్యం కుదిరేదాకా పరీక్షించాను (ధైర్యం చాలాసేపు కుదరలేదు).

డెమోలో మేనేజరు ఎదుట బటన్ నొక్కితే, వాన బదులు 'ఈ రోజు ఉచిత కోటా అయిపోయింది, రేపు ప్రయత్నించండి' అని వచ్చింది. మేనేజరు సోమవారం చూద్దామని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"పొద్దుగాల నుంచి టెస్ట్ చేసుకుంట కోటా అంతా నేనే ఒడగొట్టిన అక్కా" అని ఒప్పేసుకున్నాను.

అక్క నోటుబుక్కు తిరగేసి, నవ్వాపుకుని, "ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఇన్ని మార్కులెందుకండి? మన సర్వర్లో మనదే ఒకటి పెట్టుకుందాం. మీరే రాయండి, నేను పక్కన కూర్చుంటాను" అంది.

కూర్చుంది కూడా. సాయంత్రానికి చిన్న ప్రోగ్రాం తయారైంది. సోమవారం బయట ఎండ మండిపోతుంటే నా తెర మీద నార్సింగిలో చినుకులు కనిపించాయి. ఉద్యోగం పక్కా అయిందన్న మాట చెవిన పడగానే అమ్మ చేతిలో గరిటెతోనే పక్కింటికి చెప్పడానికి వెళ్ళింది.

ఇప్పుడు నేనూ ఒక లీడునే. కొత్తగా చేరినవాళ్ళు డెమోకి ముందు పదేపదే పరీక్షిస్తుంటే ఆ నోటుబుక్కు తీసి చూపించి, పక్కన కూర్చుంటాను. మూడోదానికిచ్చిన అయిదు స్టార్లు మాత్రం ఇంతవరకు కొట్టెయ్యలేదు. పాపం, అది కోటా ఉన్నంతసేపూ అడిగినన్నిసార్లూ ఇచ్చింది. అడగడం ఆపలేకపోయింది నేనే.