ఆరింటి జాబితా

హార్బరు ఆఫీసులో ఆమెను అందరూ ఆరింటావిడ అంటారు. పొద్దున సరిగ్గా ఆరింటికి, జలసంధికి అవతల ఉన్న మిత్రదేశపు స్టేషన్‌ను రేడియోలో పిలవడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా పిలుస్తోంది.

జలసంధి మధ్యలో ఒక రాతిదీవి అడ్డంగా ఉంది. దానికి ఇటు తిరిగే ఓడలు మనకు కనిపిస్తాయి, అటు తిరిగేవి వాళ్లకు. ఆమె తన జాబితా చదువుతుంది, అవతలి ఆపరేటరు తన జాబితా చదువుతుంది. విన్నవాళ్లు విన్నది విన్నట్టు పైకి తిరిగి చదివి, రిజిస్టరులో రాసుకోవాలి. తిరిగి చదవని మాటను వినని మాట కిందే లెక్క వేస్తారు. రెండు జాబితాలూ కలిస్తేనే సముద్రం మొత్తం తెలిసినట్టు.

అవతలి ఆపరేటరును ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. వదినా అని పిలుస్తుంది. ఆవిడా ఈమెను వదినా అనే అంటుంది. ఎవరి అన్నను ఎవరు చేసుకున్నారని ఇద్దరూ ఆరా తీయలేదు. జాబితా అయ్యాక రెండు నిమిషాలు సొంత మాటలు ఉండేవి. ఆవిడ మోకాలి నొప్పి, ఈమె చిన్నదాని పరీక్షలు. క్రేన్ నడిపే ఈమె మొగుడు ఇంట్లో సణిగేవాడు.

"వదినకు చెప్పగా మిగిలితే నాకూ ఒక ముక్క చెప్పు."

"మిగలదు," అనేది.

ఆ ఏడు ఉత్తరం దేశంతో ఒప్పందం కుదిరింది. అది మనకు పడని దేశం, అవతలివాళ్లకు అసలే పడదు. మన మంత్రి వెళ్లి చేతులు కలిపి వచ్చాడు. నెల తిరక్కుండా రేడియో గదిలోకి మీగడరంగు టెలిఫోను ఒకటి వచ్చింది. ఎత్తితే నేరుగా ఉత్తరం వాళ్ల హార్బరులో మోగుతుంది. దానితోపాటు, వాళ్ల భాష తెలిసిన ఒక అమ్మాయి వచ్చింది. అమ్మాయి కోసం మెత్తకుర్చీ వచ్చింది.

మెత్తకుర్చీ కావాలని ఆరింటావిడ ఆరేళ్లుగా అర్జీలు పెడుతోంది. ఆమె కూర్చునే స్టూలుకు ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టుకుంటుంది.

ఫొటోలు తీసేవాడు కూడా వచ్చాడు. "కొంచెం పక్కకు జరగండమ్మా, రేడియో పడుతోంది," అన్నాడు. ఆమె జరిగింది. రేడియో జరగదు కాబట్టి దాని మీద గుడ్డ కప్పాడు.

అమ్మాయి చెడ్డది కాదు. అక్కా అని పిలిచేది. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉండేది. తిట్టుకోవడానికి ఏదీ దొరకనిచ్చేది కాదు. ఫోనులో ఆ భాషలో మాట్లాడి నవ్వేది.

"ఏమంటున్నారు?" అని ఉండబట్టలేక అడిగింది ఒకరోజు.

"ఏం లేదక్కా, గాలి ఎటు వీస్తోందని."

"గాలికి అంత నవ్వేం వచ్చింది?"

అమ్మాయి దానికీ నవ్వింది.

అవతల వదిన గొంతు మారింది. "కొత్త చుట్టాలు బాగున్నారా వదినా?"

"నాకెక్కడి చుట్టాలు? ఫోను నా బల్ల మీద పెట్టలేదు."

"పక్క బల్లేగా. ఎంత దూరం?"

తర్వాత ఉమ్మడి గస్తీ పడవను అవతలివాళ్లు మానేశారు. జాబితా పద్నాలుగు ఓడల నుంచి ఆరుకు దిగింది. "మావైపు ఇంతే," అనేది వదిన. ఇంతే కాదని ఆరింటావిడకు తెలుసు. దీవి చాటు నుంచి చెప్పాపెట్టకుండా ఓడలు బయటికి వచ్చేవి, ఓడలను రేవులోకి తెచ్చే పైలట్లు తిట్టుకునేవారు. సూపరింటెండెంటుకు ఆమె ఫిర్యాదు చేయలేదు. అలిగినవాళ్లు ఎలా ఉంటారో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పక్కనున్న మెత్తకుర్చీని రోజూ చూస్తూనే ఉంది.

మంచు బాగా పట్టిన ఒక పొద్దున అమ్మాయి ముందే వచ్చి కూర్చుంది. ఆరయింది. హెడ్‌ఫోనులో వదిన జాబితా చదవకుండా గొంతు తగ్గించింది.

"వదినా, ఒక్క నీకే చెప్తున్నా. రాత్రి మా నేవీ వాళ్ల బార్జీని లాగే తాడు తెగింది. నిండా రాళ్లు. దీపాల్లేవు. దీవి దాటి ఉత్తరం దారిలోకి కొట్టుకుపోతోంది. మావాళ్లు వెతుకుతున్నారు. ఆ ఉత్తరం వాళ్లకు తెలిస్తే మా పరువు పోతుంది. తిరిగి చదవకు. రాసుకోకు."

ఎన్నో నెలల తర్వాత వదిన మళ్లీ వదినలా మాట్లాడింది. ఆరింటావిడ గుండె నిండిపోయింది. మీగడరంగు ఫోనుకు తెలియనిది తనకు తెలుసు. అమ్మాయి వైపు చూసింది. పాపం, ఏమీ తెలియక పెన్సిలు చెక్కుకుంటోంది. ఆ చూపులో ఉన్న తీపిని ఆమె చాలాసేపు చప్పరించింది.

"ఇవాళ పెందలాడే వచ్చావేం?" అని అడిగింది. అంత ప్రేమగా ఆ పిల్లను ఎన్నడూ పలకరించలేదు.

"ఏడింటికి వాళ్ల లాంచీ ఇక్కడికి బయల్దేరుతోందక్కా. ఒప్పందం అయ్యాక మొదటిది. అరవైమంది ఎక్కారట. పిల్లలు కూడా ఉన్నారట."

గోడగడియారం ఆరూ పదకొండు చూపిస్తోంది. హెడ్‌ఫోనులో వదిన ఊపిరి వినిపిస్తోంది, ఇంకా లైనులోనే ఉంది. ఆరింటావిడ రిజిస్టరు తెరిచింది. మీట నొక్కింది.

"తిరిగి చదువుతున్నాను," అంది పైకి. "తాడు తెగిన బార్జీ ఒకటి. రాళ్ల బరువు. దీపాలు లేవు. దీవి దాటి ఉత్తరం దారిలోకి."

అమ్మాయి చేతిలో పెన్సిలు ఆగింది.

"వద్దన్నాను కదా," అంది వదిన.

"నేవీది," అని పూర్తిచేసింది ఆరింటావిడ. అప్పటికే అమ్మాయి ఫోను ఎత్తింది.

తొమ్మిదింటికి మంచు విడితే, రేవులోనే ఆపేసిన లాంచీ వెళ్లాల్సిన దారిలో బార్జీ అడ్డంగా కనిపించింది. పది రోజుల తర్వాత ఉత్తరం దేశం నుంచి కృతజ్ఞతల ఉత్తరం వచ్చింది, వెండి పళ్లెంతో సహా, అమ్మాయి పేరు మీద. "ఇది నీదక్కా," అని అమ్మాయి పళ్లెం తెచ్చి ఇచ్చింది. "నాకెందుకు," అని తోసేసింది. తోసేశాక రోజంతా దాని వైపే చూసింది.

మర్నాడు రేడియో ఐదు నిమిషాలు ముందే పెట్టింది. వదిన గొంతు వినిపించింది. దక్షిణం దేశపు స్టేషన్‌తో మాట్లాడుతోంది. పద్నాలుగు ఓడలు చదివింది. చదివాక, "మీ ఇంట్లో ఎలా ఉన్నారు వదినా?" అని అడిగింది. అవతల ఎవరో నవ్వారు.

ఆరయింది. ఆమె పిలిచింది.

"స్టేషన్, చెప్పండి," అంది అదే గొంతు.

ఆమె తొమ్మిది ఓడలు చదివింది. తొమ్మిదీ తప్పు లేకుండా తిరిగి వచ్చాయి.

"మోకాలు ఎలా ఉంది?" అని అడిగింది.

ఆ మాట తిరిగి రాలేదు. ఆ పేజీ కింద గీత గీసి, స్టూలు కింద అట్టముక్కను సరిచేసుకుంది.