పైడమ్మ గురించి రెంజో అన్న మాట

ఇరవై ఒక్క ఏళ్లుగా రెండు ముక్కల మాట ఒకటి నా గొంతులో ఇరుక్కుని ఉంది. చేపముల్లయితే ఎప్పుడో దిగిపోయేది. మాట కదా, దిగదు. మింగినకొద్దీ లావెక్కుతుంది. పైగా అది నా మాట కూడా కాదు. ఒక మనిషి ఇంకో మనిషి గురించి అన్నది. మధ్యలో నేనున్నాను, ఇటు నుంచి తీసుకుని అటు అందించాల్సినదాన్ని. తీసుకున్నాను. అందించలేదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే “పోనీలే, ఎప్పటి సంగతో” అంటారు. ఆ పోనీలే నాకొద్దు. ఎవరైనా ఓదార్చబోతే నేను వాదనకి దిగుతాను. అది నా జబ్బు. నేనుండే ఈ హిందీ ఊళ్లో, సిద్ధగోరాలో, మా వీధిలో కూరగాయల బండివాడు కూడా నన్ను చూస్తే తూకం సరిచూసుకుంటాడు.

అప్పుడు నాకు ముప్ఫై ఒకటి. ఊరి పక్కనే ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానా ఆఫీసులో పని. లారీల కింద వేసే కమాన్ పట్టీలు చేసేవాళ్లు అక్కడ. వాటికోసం ఇటలీ నుంచి ఒక పెద్ద ప్రెస్సు తెప్పించారు. దాన్ని చేసినవాళ్లది ఏదో చిన్న ఊళ్లో ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే వర్క్‌షాప్. వాళ్లకి ఇంగ్లీషు రాదు. మా ఇంజనీర్లకి ఇంగ్లీషు తప్ప కాగితం మీద ఇంకేదీ రాదు. ఏది విరిగినా, ఏది కావాలన్నా, వీళ్లు ఇంగ్లీషులో రాసింది నేను ఇటాలియన్‌లోకి మార్చి పంపాలి. నా దగ్గర ఇంగ్లీషు బి.ఏ. ఉంది. కలకత్తాలో ఆరు నెలలు చదివి తెచ్చుకున్న ఇటాలియన్ సర్టిఫికెట్ ఉంది. ఒక లావుపాటి నిఘంటువు ఉంది. వీటన్నిటికంటే లావుపాటి గర్వం ఉంది.

ఇంగ్లీషు పిసినారి భాష. ఒక్క మాటని కూలికి పెట్టుకుని నాలుగు పనులు చేయించుకుంటుంది. తాళానికి పెట్టేదీ కీయే, ఇరుసుకీ చక్రానికీ మధ్య జారకుండా బిగించే ఇనుపముక్కా కీయే, మెషీను బల్ల మీద నొక్కే మీటా కీయే. ఇటాలియన్‌లో ఈ మూడూ మూడు వేరు వేరు మాటలు. ఎవరి పని వారిది, ఎవరి పేరు వారిది. నిఘంటువు అన్నీ వరసగా ఇచ్చేది. ఏది ఎక్కడ వాడాలో మాత్రం చెప్పేది కాదు. నేను మొదటి మాట తీసుకుని రాసేసేదాన్ని. ఒకసారి ఇరుసు కీలు ఇరవై నాలుగు కావాలని రాశాను. నెలన్నర తర్వాత పెట్టె విప్పితే ఇరవై నాలుగు పానాలు! నేను రాసిన మాటకి వాళ్ల దగ్గర తాళంచెవి అనీ, పానా అనీ అర్థం. వాళ్ల తప్పేముంది? తాళం పంపలేదే, చెవులెందుకు అనుకుని పానాలు పంపారు పాపం.

మేనేజరు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ మండింది. ఒక పానా, ఒక అరిగిపోయిన కీ చేత పట్టుకుని స్టోర్‌కి వెళ్లాను, ఎవరి మీదో ఒకరి మీద అరవడానికి.

స్టోర్ కిటికీ దగ్గర పైడమ్మ ఉండేది. పలాస వైపు మనిషి. భర్త పనిలో ఉండగా పోతే ఆ స్థానంలో హెల్పరుగా తీసుకున్నారు. ఊళ్లో ఐదో తరగతి దాకా తెలుగు చదివింది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా నేను నువ్వనేదాన్ని, ఆవిడ నన్ను మీరనేది. అప్పుడు అది నాకు సహజంగానే ఉండేది.

ఆ స్టోర్‌కి ఒక కట్టుబాటు ఉంది. పాతది ఇస్తేనే కొత్తది. ఎవరూ పేరు చెప్పి అడగరు. అరిగిందో విరిగిందో తెచ్చి బల్ల మీద పెడతారు. పైడమ్మ దాన్ని వేళ్లతో తడిమి, లోపలికి వెళ్లి, దాని జోడు తెచ్చి ఇస్తుంది. మెషీను బిగించడానికి వచ్చిన ఇటలీ ఫిట్టరు రెంజో కూడా అలాగే తెచ్చి పెట్టేవాడు. అరవై ఏళ్ల మనిషి. ఇంగ్లీషులో “ఓకే”, “నో ఓకే” తప్ప రావు. కానీ మన కుర్రాళ్లలా నోరు మూసుకుని నిలబడేవాడు కాదు. వస్తువు బల్ల మీద పెడుతూ దాని పేరు పలికేవాడు, పిల్లని బడిలో చేర్పిస్తున్నట్టు.

నేను కీ బల్ల మీద పెట్టాను.

“లింగ్వెత్తా,” అంది పైడమ్మ.

నేను నోరు తెరిచాను. అరుపు బదులు ప్రశ్న వచ్చింది.

“ఏమన్నావు?”

“దీన్ని లింగ్వెత్తా అంతాడండీ రెంజో సాబు. మీ సేతిలోది కియావె. ఆ మెసీను మీద నొక్కుతారు సూడండి, అది తాస్తొ. ఏటి మేడమ్, మీకు తెలవదేటి? మీరే కదా సదువుకున్నారు!”

వెటకారం కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. నన్ను లోపలికి రమ్మంది.

లోపల చూసిన దాన్ని ఎలా చెప్పను? గోడ పొడుగునా ఇనుప అరలు. ప్రతి అరకీ తీగతో కట్టిన అట్టముక్క. ప్రతి అట్ట మీదా తెలుగు అక్షరాల్లో ఇటాలియన్. నాలుగు వందల పైచిలుకు. బిస్కెట్ ప్యాకెట్ల అట్టలు, మందుల డబ్బాల అట్టలు, పెళ్లిపిలుపు కార్డులు కోసినవి. ఇంగ్లీషు ఒక్క ‘ప్లేట్’ అని ఊరుకున్న చోట, పల్చటి రేకు ఒక అరలో, మందపాటి పలక ఒక అరలో, మెషీనుకి కొట్టే పేరు బిళ్ల ఒక అరలో. మూడు అరలు, మూడు పేర్లు. ఇంగ్లీషు ‘స్ప్రింగ్’ అన్న చోట చుట్టలు చుట్టిన మొల్లా ఒక అరలో, మేము చేసే కమాన్ పట్టీ బాలెస్త్రా వేరే అరలో. ఇటాలియన్‌లో అక్షరం ఒత్తి పలకాల్సిన చోట నాకు కలకత్తాలో ఆరు నెలలూ నాలుక తిరగలేదు. ఆవిడ అక్కడ చక్కగా ఒత్తు పెట్టి పారేసింది. మన అక్షరాలు ఉన్నవే అందుకన్నట్టు.

ఒక అట్ట మాత్రం ఏ అరకీ లేదు. కిటికీ ఊచకి కట్టి ఉంది. ప్రిమవేరా.

“ఇదేంటి పైడమ్మా? ఇక్కడ ఏ సామానూ లేదే?”

“బయట మోదుగు సెట్టుంది కదండీ. పూలు పూసినప్పుడు సూసి అన్నాడు. మరి దానికి అరేటి లేదు. కిటికీకి కట్టీసినాను.”

వసంతం. దాన్ని కూడా ఇంగ్లీషు స్ప్రింగే అంటుంది. ఆ సంగతి పైడమ్మకి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆవిడ ఇంగ్లీషు గుమ్మం తొక్కకుండానే లోకం మొత్తాన్ని తిన్నగా అరల్లోకి సర్దేసింది. నేను పదిహేనేళ్ల చదువుతో ఆ గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాను. నా ఒళ్లు జలదరించింది. గుళ్లో కూడా నాకెప్పుడూ అలా కాలేదు, అబద్ధమెందుకు. చెప్పులు బయట విప్పి రావాల్సిందేమో అనిపించింది.

ఇక్కడే మీతో ఒక మాట వాదిస్తాను. గొప్పదాన్ని చూసి చెయ్యెత్తి మొక్కాలనిపిస్తే మనిషి మంచివాడవుతాడని అంటారు. అబద్ధం. ఆ మొక్కాలనిపించడమే రెండు రోజులు నిలవుంటే పులుస్తుంది. నాకు పులిసింది.

మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా పట్టుకుని స్టోర్‌లో కూర్చునేదాన్ని. ఆవిడ అరలు చూపించేది, నేను కాగితం మీదికి ఎక్కించేదాన్ని. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఎవరో తన సామాను చూడ్డానికి వచ్చారని సంబరపడేది. ఇంటి నుంచి నాకు కూడా ఉప్పుచేప వేపుడు తెచ్చేది. నెల తిరక్కుండా ఆ జాబితా టైపు చేయించాను. ఇంగ్లీషు మాట, దాని కింద ఏ వస్తువుకి ఏ ఇటాలియన్ మాటో. పైన నా పేరు. ఒక ప్రతి మేనేజరుకి, ఒకటి ఇటలీకి. తర్వాత ఒక్క పెట్టె కూడా తప్పు రాలేదు. ఇటలీ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. నా గురించి.

అదే అసలు నేరమా? కాదు. అక్కడితో ఆగి ఉంటే దొంగతనం అని ఒక పేరుండేది. తర్వాత చేసినదానికి ఇప్పటికీ పేరు దొరకలేదు. చూశారా, మాటలతో బతికేదాన్ని, దీనికి మాత్రం అరే లేదు.

రెంజో వెళ్లిపోయే రోజు క్యాంటీన్‌లో టీ, సింగాడాలు, అంటే మన సమోసాలే, పెట్టారు. అందరూ ఉన్నారు. పైడమ్మ వెనక వరుసలో, ఉతికిన చీరలో. మేనేజరు రెండు మాటలు చెప్పమంటే రెంజో లేచాడు. నేను పక్కన నిలబడ్డాను, అనువదించడానికి. అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు, నేను చెప్పాను. ఎండ గురించి జోకేశాడు, చెప్పాను, నవ్వారు. అప్పుడు చెయ్యెత్తి వెనక వరుస వైపు చూపించాడు.

“క్వెస్తా సిన్యోరా సా ప్యూ ది తుత్తి నోయ్. దాతె అ లేయ్ ఇల్ మగజ్జీనొ.”

ఈ అమ్మకి మనందరికంటే ఎక్కువ తెలుసు. స్టోర్ ఈవిడ చేతికి ఇవ్వండి.

మీకు చెప్పాను కదా, ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. స్టోర్‌కీపరు ఉద్యోగం అప్పుడు ఖాళీగా ఉంది. రెంజోకి అది తెలుసు. మేనేజరుకి రెంజో మాటంటే వేదం. నేను ఆ రెండు ముక్కలూ అటు అందిస్తే చాలు.

మేనేజరు నా వైపు చూశాడు. పైడమ్మ కూడా చూసింది. ఆవిడకి వచ్చినవి పేర్లే. చెయ్యడం, ఇవ్వడం, తెలియడం లాంటి మాటలు బల్ల మీద పెట్టి చూపించేవి కావు కదా, అవి రావు. కానీ సిన్యోరా అంటే తనే అని తెలుసు. మగజ్జీనొ అంటే స్టోర్ అని తెలుసు. ఆ రెండు మాటల మధ్య ఏదో ఉందని తెలుసు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఉత్తరం చేతికొచ్చి, చదివిపెట్టేవాళ్ల కోసం చూస్తున్నట్టు.

“మన స్టోర్ చాలా శుభ్రంగా ఉంటుందట సాబ్,” అన్నాను హిందీలో. “ఈవిడకి ప్రత్యేకంగా థాంక్స్ చెబుతున్నారు.”

చప్పట్లు కొట్టారు. రెంజో కూడా కొట్టాడు, తన మాటకే అనుకుని.

బయటికి వస్తుంటే పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఏటన్నాడండీ మేడమ్ నా గురించి?”

“స్టోర్ శుభ్రంగా ఉంచుతావన్నాడు.”

“అంతేనా?”

“అంతే.”

ఎందుకు? నిజం చెబితే మేనేజరు అడుగుతాడు, ఆవిడకి ఏం తెలుసని. స్టోర్‌లోకి వెళ్తాడు, అట్టలు చూస్తాడు. ఎవరితోనైనా చదివించుకుంటాడు. నా జాబితా ఎక్కడ పుట్టిందో బయటపడుతుంది. ఇది ఒక కారణం. దీన్ని చాలా ఏళ్లు నమ్మాను, ఎందుకంటే భయం అని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. రెండోది మర్యాదగా ఉండదు. ‘మనందరికంటే’ అన్నాడు రెంజో. ఆ అందరిలో నేనున్నాను. ఐదో తరగతి మనిషి ముందు నేను తక్కువనే మాటని, నా నోటితో నేనే పలకాలి. అది నిజమని నాకు అందరికంటే ముందే తెలుసు. అందుకే పలకలేదు.

ఎవరో డిగ్రీ ఉన్న మనిషిని స్టోర్‌కీపరుగా తీసుకున్నారు. వచ్చిన వారంలోనే అట్టలన్నీ కత్తిరించి చెత్తలోకి ఊడ్పించాడు. కిటికీ ఊచకి కట్టినది కూడా. పైడమ్మ నా దగ్గరికి వచ్చి, తనని ఎందుకు తీసుకోలేదని అడిగింది. నేను తలెత్తకుండానే, “నీకు ఇంగ్లీషులో సంతకం కూడా రాదు కదా,” అన్నాను. అది రెండో అబద్ధం. మొదటిదానికి కాపలా పెట్టినది.

ఆవిడ నమ్మింది. రిటైరైన రోజు కాగితాల మీద ఇంగ్లీషులో సంతకం పెట్టింది, గుండ్రంగా, ఒక్క అక్షరం వంకర లేకుండా. నా వైపు తిరిగి నవ్వింది. “సూడండి మేడమ్, దీనికోసం ఎన్ని నోటుపుస్తకాలు రాసీసినానో. అప్పుడే నేర్సుకుంటే బాగున్ను.” పన్నెండేళ్లు తన తప్పే అనుకుని, ఆ తప్పుని ప్రతి సాయంత్రం దిద్దుకుంది.

నేనా? ఆ జాబితా వల్లే నలుగురికీ తెలిశాను. ఉద్యోగం మాని ఇంట్లోనే అనువాదాలు చేస్తూ బాగానే బతికాను. పోయిన నెల ఒక కంపెనీ వాళ్లు, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకి క్లాసు చెప్పమన్నారు, ఒక ఇంగ్లీషు మాటకి అన్ని ఇటాలియన్ మాటలుంటే ఏది ఎక్కడ వాడాలో నాకు ఎలా పట్టుబడిందో వివరించమని. కంప్యూటరు ముందు కూర్చుని నోరు తెరిచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆపేశాను.

మొన్న ఆదివారం పొద్దున్నే ఊరి చివర గోవింద్‌పూర్ వెళ్లాను. పైడమ్మ కూతురి ఇంట్లో ఉంటోంది. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. “మీరు కూర్చోండి,” అన్నాను. మొదటిసారి మీరన్నాను. ఆవిడ వింతగా చూసింది.

చెప్పాను. జాబితా చెప్పాను, క్యాంటీన్ చెప్పాను, సంతకం చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ సరేననేస్తుందని భయం.

చింతపండు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ అడిగింది, “అయితే సంతకం వల్ల కాదేటి?”

“కాదు.”

 లోపల మనవరాలు టీవీ పెడితే హిందీలో గదిమి కట్టించింది.

“ఆడన్నది సెప్పండి. తెలుగులో వొద్దు. ఆడన్నట్టుగానే సెప్పండి.”

చెప్పాను.

“ఇంకోపాలి.”

చెప్పాను.

“సా అంతే ఏటి?”

“తెలుసు అని.”

“దాతె?”

“ఇవ్వండి అని.”

తలూపింది. చేతికి అంటిన చింతపండు ముద్ద గిన్నెలో పెట్టి, గిన్నె తీసుకుని లేచింది. “ఇంకెల్లండి మేడమ్,” అంది. కోపంగా కాదు, శాంతంగా కూడా కాదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నా గొంతు తేలికైంది. అలా తేలికవడానికి నాకు హక్కుందా అని అక్కడే నిలబడి నాతో నేను వాదించుకున్నాను. తేలలేదు. ఇంకా తేలలేదు. చెప్పడమైతే అయింది.

మెట్టు దిగి చెప్పుల్లో కాలు పెడుతుంటే తలుపు అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది. మెల్లగా, ఒక్కో ముక్కా తడిమి చూస్తున్నట్టు. క్వెస్తా సిన్యోరా సా. ఆగి, మళ్లీ మొదటి నుంచి. ప్యూ ది తుత్తి నోయ్. ఒత్తు ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడింది.