మామగారి వీపు, నా మోచేతులు

మొదట అది నా ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్లంత మచ్చగా వచ్చింది. తామర అనుకుని మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చి రాసుకున్నాను. నెల తిరిగేసరికి మచ్చ అరచెయ్యంత అయింది. రెండో మోచేతికీ వచ్చింది, తర్వాత తలలోకి పాకింది. చర్మం ఎర్రగా కందిపోయి, పైన తెల్లటి పొలుసులు కట్టేవి. గోకితే రాలేవి. ఇంకా గోకితే నెత్తురు వచ్చేది.

నేను పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో, ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్న ఆరింటికి అనకాపల్లిలో కంపెనీ బస్సు ఎక్కాలి. యూనిఫారం చొక్కా ముదురు నీలం. బస్సు దిగేసరికి భుజాల మీద పిండి చల్లినట్టు ఉండేది. నాలుగేళ్లుగా నా పక్క సీట్లో కూర్చుని, నిద్రలో నా భుజం మీదే తల వాల్చే స్నేహితుడు ఒకరోజు, "ఎనక సీట్లో అయితే కాళ్లు సాపుకోవచ్చు బావా" అంటూ వెనక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ముందుకు రాలేదు. అతని మీద నాకు కోపం రాలేదు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

ఊళ్లో చర్మవ్యాధుల డాక్టరు చూసి సొరియాసిస్ అన్నాడు. "ఇది ఎవరికీ అంటుకోదు. పూర్తిగా పోతుందని చెప్పను, కానీ అదుపులో ఉంచుకోవచ్చు. నిద్ర చెడగొట్టుకోకండి, దిగులు పెట్టుకోకండి" అని పూత మందు రాసిచ్చాడు. నేను ఆయన చెప్పినవాటిలో "పూర్తిగా పోదు" అన్న మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. అంటుకోదని ఆయన చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. నా తువ్వాలు వేరుగా ఆరేసుకున్నాను. పక్క గదిలో చాప వేసుకున్నాను. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. బస్సు దిగి ఇంటికి రాగానే పరిగెత్తుకొచ్చి మెడ పట్టుకుని వేలాడేది. దాన్ని దూరం నుంచే "స్నానం చేసి వస్తానమ్మా" అని ఆపడం మొదలుపెట్టాను. స్నానం అయ్యాక కూడా ఎత్తుకునేవాణ్ణి కాదు. వారం తిరిగేసరికి అది పరిగెత్తుకు రావడం మానేసింది.

నా భార్య ఇదంతా చూస్తూనే ఉంది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది.

మామగారిది నాతవరం వైపు పల్లెటూరు. చెరుకూ వరీ పండిస్తారు. ఆయన ఎక్కువ మాట్లాడరు, మాతో ఒక పూట కన్నా ఎక్కువ ఉండరు. పెళ్లయిన ఆరేళ్లలో ఆయన్ని నేను పొడుగు చేతుల చొక్కా లేకుండా చూడలేదు. చెరుకాకు అంచులు ఒంటిని కోసేస్తాయి కదా, రైతులకు అది అలవాటే అనుకునేవాణ్ణి. అత్తగారు మా పెళ్లినాటికే పోయారు.

ఆ ఆదివారం ఆయన పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. కాఫీ తాగారు. మనవరాలిని కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. తర్వాత "అల్లుడుగోరూ, ఒకపాలి లోనికి రండి" అని నన్ను గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. చొక్కా గుండీలు విప్పారు. బనీను తీసేసి నా వైపు వీపు తిప్పారు.

నా మోచేతుల మీద ఉన్నదే, ఆయన వీపంతా ఉంది. కొన్నిచోట్ల పగిలి, ఎండిన నెత్తురు చారలు.

"ఇరవయ్యేళ్లయింది" అన్నారు గోడ వైపు చూస్తూనే. "మీకొచ్చింది ఇదే కదేటి?"

"అమ్మాయికి తెలుసా?"

"మోసేతులు దురదని తెలుసు. ఈపు సంగతి తెలీదు. మీ అత్తకొక్కదానికే తెలుసు. అది రోజూ కొబ్బరినూని రాసీది. అది ఎల్లిపోయాక నాకు ఈపు అందదు. కర్రకి గుడ్డ కట్టుకుని రాసుకుంటన్నాను."

ఆ మాట ఆయన మామూలుగానే చెప్పారు. నేనే కిటికీ వైపు తిరిగాను.

ఆ పూట ఆయన మధ్యాహ్నం బస్సుకు వెళ్లలేదు. భోజనాలయ్యాక తన ఇరవయ్యేళ్ల సంగతి చెప్పారు. రోలుగుంట దాటాక కొండల దగ్గర ఎవరో ఆకు పసరు వేస్తారంటే వెళ్లారట. అది ఒంటి మీద బొబ్బలెక్కించింది. ఇంకెవరో ఉప్పు, చింతపండు, వంకాయ, చేప, గుడ్డు, అన్నీ ఒకేసారి మానెయ్యమన్నారు. ఏడాది మానేసి చిక్కి సగమయ్యారు తప్ప మచ్చ కదల్లేదు. సంతలో కొన్న పేరులేని మాత్రలు వేసుకుంటే పది రోజుల్లో అంతా మాయమైంది. ఆపగానే రెట్టింపు అయి తిరిగొచ్చింది. ఆ దెబ్బతో ఎవరికీ చూపించకూడదని నిశ్చయించుకున్నారు. "నాకు పోనీండి, ముసలోణ్ణి. మీరు ఆ పాపని ఎత్తుకోకుండా తిరగడం బాగోలేదు" అన్నారు. "నాను మీ ఆవిడిని ఎత్తుకునే పెంచేను. దానికేటయింది?"

సాయంత్రం నేను పాపను ఎత్తుకున్నాను. అది నా మోచేతిని వేలితో తడిమి, "నొప్పా?" అని అడిగింది. లేదన్నాను. అంతటితో దానికి ఆ విషయం మీద ఆసక్తి పోయింది.

మర్నాడు మామగారి చేతే నా భార్యకు వీపు సంగతి చెప్పించి, ఆయన్ని మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షలు చేయించి పూత మందులు మార్చి రాశాడు. చుట్ట మానేయమన్నాడు. ప్రకృతి వైద్యం గురించి నేనే అడిగాను. మా ల్యాబ్‌లో ఒకరు వాళ్ల అమ్మగారి మోకాళ్ల నొప్పులకు వెళ్లొచ్చి చెప్పారు. డాక్టరు కొట్టిపారేయలేదు. "వెళ్లండి. ఒళ్లు తేలికపడుతుంది, మనసు నెమ్మదిస్తుంది. కానీ నా మందులు ఆపమంటే మాత్రం తిరిగొచ్చేయండి" అన్నాడు.

సముద్రానికి దగ్గరలో ఒక ప్రకృతి చికిత్సాలయం. పది రోజులకు సెలవు పెట్టి ఇద్దరం వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మా ఇద్దరి చీటీలూ చదివి, మొదటి మాటే "వీటిలో ఏదీ ఆపకండి. మేం చేసేది వీటికి తోడు మాత్రమే" అంది. మామగారు నా వైపు చూసి తల పంకించారు. ఆయనకు ఆ అమ్మాయి నచ్చింది.

ఆ పది రోజులూ తెల్లవారుజామున లేవడం, కాసేపు నడక, పొట్ట మీద తడి మట్టిపట్టీ. మట్టిపట్టీ వేసిన మొదటి రోజు మామగారు కళ్లు మూసుకుని పడుకునే, "అల్లుడుగోరూ, ఈ మట్టి మన సేలో నేదా? దీనికి ఇంత దూరం రావాలా?" అన్నారు. పట్టీ వేస్తున్న కుర్రాడికి నవ్వొచ్చి మట్టి పక్కకు జారింది. తర్వాత చన్నీళ్ల తొట్టిలో నడుము మునిగేలా కూర్చోవడం. తర్వాత పొద్దుటెండ. అది కూడా నిమిషాల లెక్కే. ఒళ్లు మాడితే మచ్చలు ఎక్కువవుతాయని డాక్టరమ్మ గడియారం చూసి లేపేసేది. మామగారికి అది విడ్డూరం. జన్మంతా ఎండలోనే ఉన్న మనిషిని ఎండలోంచి లేవమంటోందని.

తిండి దగ్గరే అసలు గొడవ. పొద్దున్న బూడిదగుమ్మడి రసం, మధ్యాహ్నం జొన్నరొట్టె, ఉప్పు లేని ఉడికిన కూరలు, రాత్రికి బొప్పాయి ముక్కలు. మొదటి రోజు మామగారు పళ్లెం ముందు చాలాసేపు కూర్చున్నారు.

"మా గేదెకి ఇది పెడితే మొగం తిప్పేత్తాది" అన్నారు.

"పది రోజులే కదా మావయ్యగారూ."

"అదీ మూడు రోజులు ఊరుకుంటాది. నాలుగో రోజుకి తంతాది."

నాలుగో రోజుకు ఆయన తన్నలేదు. బొప్పాయి రెండోసారి అడిగారు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం మూడో రోజు. మగవాళ్లకు నూనె మర్దన చేసే ఆయన మామగారి ఈడువాడే. పెద్ద చేతులు. నాకు రాయడం ముగించి మామగారిని బల్ల మీదికి రమ్మన్నాడు. ఆయన రాలేదు. చొక్కా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"నాది ఎక్కువగుంటాది. నీ సేతులు పాడవుతాయి" అన్నారు.

"బావా, నా సేతులు ఇలాంటివి ఎన్ని సూసేయో నీకేటి తెలుసు? రా, పడుకో" అన్నాడతను.

ఆయన బోర్లా పడుకున్నారు. అతను గోరువెచ్చని కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, ఆ పగిలిన వీపు మీద మెల్లగా, పొలుసు ఊడకుండా, పైనుంచి కిందికి రాస్తూ పోయాడు. మామగారి భుజాలు కదలడం మొదలైంది. నాకు మొదట అర్థం కాలేదు, నొప్పేమో అనుకున్నాను. అతనికి అర్థమైంది. చేతులు ఆపకుండానే, నన్ను కాస్త బయట కూర్చోమని కళ్లతో సైగ చేశాడు.

గదికి వచ్చాక మామగారు నీళ్లు తాగి, "మంచోడు" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలపాటు ఒళ్లు మరిచి నిద్రపోయారు. దురదతో రాత్రికి పదిసార్లు లేచే మనిషి.

పది రోజులయ్యేసరికి మచ్చలు పోలేదు. ఎరుపు తగ్గింది, పొలుసులు పలచబడ్డాయి, దురద బాగా నెమ్మదించింది. అందులో మందుది ఎంత, మట్టిది ఎంత, నిద్రది ఎంత, నాకు తెలియదు. ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి అలాంటివి విడదీసి చూడాలనిపిస్తుంది. విడదీయలేకపోయాను. వచ్చేముందు డాక్టరమ్మ, "ఇంటి దగ్గర అన్నీ చేయలేరు. నడక, నిద్ర, ఉప్పూ నూనే తక్కువ తిండి, స్నానం చేసిన వెంటనే ఒంటికి నూనె. ఈ నాలుగూ చాలు" అంది.

నూనె అన్నచోటే చిక్కు వచ్చింది. ఊళ్లో ఆయన వీపుకు నూనె రాసేవాళ్లు ఎవరు? కొన్నాళ్లు మా ఇంట్లో ఉండమన్నాం. ఉన్నారు. మొదటి రోజు స్నానం చేసి వచ్చాక నేను నూనె గిన్నె పట్టుకుని నిలబడితే ఆయన కంగారుపడిపోయారు.

"అల్లుడి సేత ఈపు తోమించుకోడమేటి? ఊళ్లో ఇంటే నవ్వుతారు."

"ఊళ్లో ఎవరు చెప్తారు మావయ్యగారూ?"

"అమ్మాయి సెప్తాది."

లోపల్నుంచి నా భార్య, "నాను సెప్పను నాన్నా, రాయించుకో" అని కేకేసింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆయన నాకు రాస్తే నేను ఆయనకు రాయాలి. మా డాబా మీద, పొద్దుటెండలో, ఒకరి వెనక ఒకరం కూర్చుని రాసుకునేవాళ్లం. పక్కింటివాళ్లు మొదట వింతగా చూశారు. తర్వాత అలవాటుపడ్డారు. రోజూ ఆ అరగంటలోనే ఆయన ఆరేళ్లలో చెప్పని కబుర్లన్నీ చెప్పారు. అత్తగారు సినిమాకని బయల్దేరి బస్సు తప్పిపోతే దారంతా నవ్వుకుంటూ నడిచొచ్చిన సంగతి, నా పెళ్లిచూపుల రోజు నా బూట్లు చూసి "వీడు పొలంలో దిగడు" అని అనుకున్న సంగతి.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. చలికాలంలో మా ఇద్దరికీ మళ్లీ ఎగదన్నింది. మామగారు దొంగచాటుగా చుట్ట కాలుస్తూ రెండుసార్లు పాపకు దొరికిపోయారు. నాకు రాత్రి షిఫ్టులు పడినప్పుడల్లా తల పొలుసు కట్టేది. మేనేజరును అడిగి పగటి షిఫ్టుకు మారాను. ఇద్దరం డాక్టరు దగ్గరికి కలిసే వెళ్తాం. మొదట్లో మచ్చ తిరిగి రాగానే అంతా అయిపోయిందని కుంగిపోయేవాణ్ణి. ఆయన నా మోచెయ్యి పట్టుకుని చూసి, "వచ్చిందిలే. మళ్లీ ఎల్తాది" అనేవారు, పొలంలో పురుగు గురించి చెప్పినట్టు. ఆ మాట నాకు బాగా పనిచేసింది.

ఇప్పుడు ఆయన నెలలో సగం రోజులు ఊళ్లో, సగం మా దగ్గర ఉంటారు. పోయిన నెల వస్తూ వస్తూ వాళ్ల ఊరి పెళ్లీడు అమ్మాయిని, ఆమె తల్లినీ వెంట తీసుకొచ్చారు. అమ్మాయి చేతులు చున్నీలో దాచుకుని ఉంది. తల్లి, సంబంధాలు చూస్తున్నామని, ఎవరికీ తెలియకూడదని, ఆకు పసరు ఎవరు వేస్తారో చెప్పమని అడుగుతోంది.

మామగారు మా వీధి అరుగు మీదే కూర్చుని, చొక్కా విప్పి వాళ్లకు తన వీపు చూపించారు.

"సూడమ్మా, పోతాదని నాను సెప్పను" అన్నారు ఆ అమ్మాయితో. "తగ్గుతాది, మళ్లీ వత్తాది. ఇది ఎవులికీ అంటుకోదు. పసరు జోలికెళ్లకు. ముందు డాక్టరు బాబు కాడికి పోదాం, ఆ తరవాత నీకు ఏటి తినాలో, ఎలగ ఎండలో కూకోవాలో మా అల్లుడుగోరు సెప్తారు."

ఆ అమ్మాయి చున్నీలోంచి ఒక చెయ్యి బయటికి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకన్నా నయమే" అన్నారు. అమ్మాయి నవ్వింది. నేను లోపలికి వెళ్లి ఆటోకు ఫోన్ చేశాను.