లూసీ తుడిచిన గోడ

టెక్సస్‌లో ప్లేనో ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘం ఆ మందిరాన్ని ఒక స్పానిష్ సంఘం దగ్గర కొన్నది. పుల్పిట్ వెనక గోడ నిండా వల లాగుతున్న జాలరుల బొమ్మ. వేసినవాడు ఇగ్నాసియో బెర్మూదెస్. క్యూబా నుంచి వచ్చిన కొత్తలో పగలు షాపుల బోర్డులు రాస్తూ, సాయంత్రాలు వేసిన మొదటి పెద్ద చిత్రం అది. తర్వాత ఆయన బొమ్మలు న్యూయార్క్ మ్యూజియంల గోడలకు ఎక్కాయి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా పేరున్న చిత్రకారులయ్యారు. స్పానిష్ పాస్టర్ చెప్పిన ఈ సంగతులన్నీ సండేస్కూల్ టీచర్ లూసీకి కంఠతా వచ్చు. ఆమె తండ్రి బందరు సముద్రంలో వేటకు వెళ్లినవాడు. వల పట్టడం తెలిసినవాడే ఆ చేతులు వేశాడని ఆదివారం క్లాసులో పిల్లలకు చెప్పేది.

క్రిస్మస్‌కు ముందు మందిరానికి సున్నం కొట్టడం కోస్తా అలవాటు. ఆ శనివారం కారల్స్ ప్రాక్టీసుకు వచ్చిన లూసీకి గుమ్మంలోనే పెయింట్ వాసన తగిలింది. సంఘపెద్ద షాలేం రాజు రోలర్‌తో నిచ్చెన మీద ఉన్నాడు. అప్పటికే పడవ, సగం వల, దాన్ని పట్టిన చేతులు తెల్లబడ్డాయి.

"దిగు బ్రదర్."

"ఒక్క కోట్ అక్కా. ప్రొజెక్టర్ క్లియర్‌గా పడుద్ది."

"పండగని మీ నాన్న ఫొటోకి కూడా సున్నం కొడతావా?"

అతను దిగాడు. లూసీ గోడను వేలితో తాకింది. తడిగానే ఉంది. పాతది నూనె రంగు, పైది నీళ్ల రంగు. ఆరేలోగా తుడిస్తే బొమ్మ దక్కుతుంది. చున్నీ తీసి బకెట్‌లో ముంచింది. క్వయర్ ఆడవాళ్లు పేపర్ టవల్స్ అందుకున్నారు. నీళ్లు మోస్తున్న షాలేం రాజు మెల్లగా అన్నాడు.

"పాడుతూ తుడవండమ్మా. ప్రాక్టీసూ అయిపోద్ది."

వల బయటపడింది. చేతులు బయటపడ్డాయి. ముందుగా ఆరిపోయిన పడవ మొన ఒక్కటే తెల్లగా మిగిలింది.

ఆ చలికాలంలోనే బెర్మూదెస్ పోయాడు. తండ్రి చిత్రాలన్నీ ఒకచోట ప్రదర్శనకు పెట్టడానికి ఫొటోలు తీసుకుంటూ ఆయన కూతురు మార్తా ప్లేనో వచ్చింది. తెల్ల మచ్చ దగ్గర ఆగింది. షాలేం రాజు నేల చూపులు చూశాడు.

"అది మా పనే," అని లూసీ ఇంగ్లీషులో జరిగినదంతా చెప్పింది.

మార్తా బొమ్మలోని జాలరుల చేతులను ఫొటో తీసింది.

"బొమ్మ చెడకుండా ఈ తెల్ల రంగు తీయగల మనిషి ఉన్నాడు. పంపమంటారా?"

"పంపండి. ఆదివారం మాత్రం వద్దు," అంది లూసీ. "ఈ గోడ ముందు నా క్లాసు ఉంటుంది."