అల్లం రంగు బకెట్టు

మా కాలనీ సంఘం గదిలో ఒక మూలన రంగుల అర ఉంది. ఇంటికి రంగులు వేయించుకున్నాక డబ్బా అడుగున మిగిలింది అక్కడ పెట్టాలి. కావలసిన వాళ్లు ఊరికే తీసుకుపోవచ్చు. దాన్ని చూసుకునేది ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇంజనీరు గారి భార్య, కోస్తా నుంచి వచ్చిన ఆవిడ. నాలుగిళ్లలో మిగిలిన గోడ రంగులు పాత చున్నీలో వడగట్టి, ఒకే బకెట్టులో కలిపి పెడుతుంది.

ఆ వారం కలిసిన రంగు అప్పుడే కోసిన పచ్చి అల్లంలా ఉంది. మళ్లీ కలపమంటే ఆవిడకే రాదు.

నాకది కావాలి. మా చెల్లెలు ముందరి గదిలో కుట్టు దుకాణం తెరుస్తోంది. శుక్రవారం ముహూర్తం, గోడ నిండా చెమ్మ మరకలు. "గీ గోడ చూస్తే బ్లౌజు గుడ్డ తెచ్చినోళ్లు వాకిట్లకెళ్లే మర్లిపోతరన్నా" అని ఒకటే పోరు.

నేనేమో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగిన వాణ్ణి. వస్తువు నచ్చితే ముందు మొహం చిట్లించాలి. మా ఇంట్లో నడక కంటే ముందు అదే నేర్పుతారు. మూత తీసి వాసన చూసి, "పాతదున్నట్టుంది అక్కా. అడుగున గడ్డ కట్టింది. ఎండితే వెలిసిపోతదేమో" అన్నాను. గుమ్మం వైపు రెండడుగులు కూడా వేశాను. అక్కడ అవతలి వాళ్లు వెనక్కి పిలవాలి. అది పద్ధతి.

ఆవిడ పిలవలేదు. "అలాగాండీ? బాగోలేనిది మీకెందుకు అంటగట్టడం" అని, నా వెనకే వచ్చిన అంగన్‌వాడీ ఆయమ్మకు బకెట్టు ఇచ్చేసింది. ధరే లేని సరుకుకు ధర తగ్గించబోయిన మొనగాణ్ణి జహీరాబాద్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఉరికి ఆయమ్మను ఆటో దగ్గర పట్టుకున్నాను. "అమ్మా, రంగు మస్తుంది. చిక్కగుంది. ఒక్క పూతకే గోడ పట్టేస్తది." కావలసిన సరుకును పొగడడం బుద్ధెరిగాక అదే మొదటిసారి. నోరు తిరగలేదు.

"ఇప్పుడే గడ్డ కట్టిందంటివి గద బిడ్డా?"

"అది అలవాటమ్మా."

చెల్లెలి సంగతి చెప్పాను. ఆమె బకెట్టు వంక చూసింది, నా వంక చూసింది. "సగం ఇస్త. గని మా పోరగాళ్ల గోడ నువ్వే వచ్చి వెయ్యాలె. నాకు పైదాకా చెయ్యందదు."

"పై సగం నేనేస్త. కింది సగం నువ్వేసుకో."

"మొత్తం."

"సరే, మొత్తం."

మా నాయన చూసి ఉంటే నన్ను లేపి, గల్లా దగ్గర ఆమెను కూర్చోబెట్టేవాడు.

సగం బకెట్టు మిషన్ వెనక గోడకు సరిపోయింది. మిగతా గోడల మరకల మీద చెల్లెలు చీరలు వేలాడదీసింది. శుక్రవారం మొదటి బ్లౌజు గుడ్డ తెచ్చింది రంగుల అర ఆవిడే. గోడ చూసి, "ఇది వెలిసిపోతుందన్నారు కదండీ?" అని నా చేతిలో దూద్‌పేడా పెట్టింది. చెల్లెలు నవ్వు ఆపుకోలేక గుడ్డ కొలవడం మరచిపోయింది.

ఆదివారం అంగన్‌వాడీలో స్టూలెక్కి గోడకు బ్రష్ కొడుతుంటే, ఆయమ్మ కింద నిలబడి మొహం చిట్లించింది.

"ఆడ పల్చగైంది. ఈడ గడ్డ కట్టింది. ఏమో, అంత మంచిగ లేదు."

బాగా నచ్చిందన్న మాట.